జానపద కథలు ‘రాశారు’ అనవచ్చా?

సందేహం: శ్రీలంకలో పనిచేసిన ఇంజనీరు హెన్రీ పార్కర్ గురించి ఒక పిల్లల పత్రికకు వ్యాసం రాశాను. అందులో ‘ప్రాంతీయ పల్లె జానపద కథల సంపుటాలు రాశారు’ అన్నాను. మా తెలుగు మాస్టారు చూసి ‘రాశారు’ కింద గీత పెట్టారు. ఇందులో తప్పేముంది?

సమాధానం: మాస్టారు సరైన చోటే గీత పెట్టారు. పార్కర్ సిలోన్ (శ్రీలంక పాత పేరు) నీటిపారుదల శాఖలో ఉద్యోగం చేశారు. అక్కడి పల్లెల్లో జనం చెప్పుకునే కథల్ని ఇంగ్లీషులో మూడు సంపుటాలుగా తెచ్చారు. మొదటిది 1910లో, తక్కిన రెండూ 1914లో వచ్చాయి. పుస్తకం మొదటి పేజీలో ఆయన పేరు ‘సేకరించి అనువదించినవారు’ అనే ఉంటుంది. ఆయనే చెప్పుకోని రచయిత హోదాను మనం అంటగట్టకూడదు కదా!

అదే పార్కర్ 1909లో ‘ఏన్షంట్ సిలోన్’ అనే పుస్తకం ప్రచురించారు. దాన్ని మాత్రం ‘రాశారు’ అని నిస్సంకోచంగా అనండి. పాత చెరువుల్లో తూము గుండా పోయే నీటిని అదుపు చేసే ‘బిసోకొటువ’ అనే కట్టడం గురించి అందులో చెప్పినది ఒక ఇంజనీరుగా ఆయన చేసిన వివరణ.

ఈ తేడా చెప్పడానికి తెలుగులో చక్కని వీలుంది. ‘మా అమ్మమ్మ పాటలు రాసింది’ అంటే ఆవిడ కవయిత్రి. ‘మా అమ్మమ్మ పెళ్లిపాటలు రాసుకుంది’ అంటే ఎవరో పాడగా విని నోటుపుస్తకంలో ఎక్కించుకుంది. ఒక్క ‘కొను’ చేరేసరికి పాట ఎవరిదన్నదే మారిపోయింది! అయితే ‘డైరీ రాసుకున్నాడు’ అన్నప్పుడు మాటలు సొంతవే, అక్కడ ‘కొను’కు తన కోసం అని అర్థం. కాబట్టి అచ్చులో ‘విని రాసుకున్నారు’ అంటే అనుమానం ఉండదు. ఇంకొకరి చేత రాయిస్తే ‘రాయించారు’ అనాలి.

మన దగ్గర కూడా ఇంతే. ‘తెలుగు జానపద గేయ సాహిత్యం’ అనే పరిశోధన గ్రంథం బిరుదురాజు రామరాజు గారు రాశారు. అందులో ఉదాహరించిన పాటలు మాత్రం ఊళ్లలో వాళ్లవి. పాడినవాళ్ల పేర్లు ఎటూ చాలావరకు మనకు దక్కలేదు. క్రియాపదంతో కూడా వాళ్లను పక్కకు నెట్టేస్తే అన్యాయం.

మీ వాక్యంలో మరో రెండు మాటలు. ‘జానపద’లోనే పల్లె ఉంది, మళ్లీ ‘పల్లె’ అక్కర్లేదు. ‘ప్రాంతీయ’ అంటే ఏ ప్రాంతమో తేలదు, పేరు పెట్టి చెప్పండి. పార్కర్ కథ చివర అది ఎక్కడిదో వేసేవారు. చాలా కథల కింద ‘వాయవ్య ప్రావిన్సు’ అని కనిపిస్తుంది. ‘సంపుటాలు’ సరే, మూడు పుస్తకాలు కాబట్టి.

మీ వాక్యాన్ని ఇలా మార్చుకోండి: ‘నీటిపారుదల ఇంజనీరు హెన్రీ పార్కర్ శ్రీలంక జానపద కథలను సేకరించి, ఇంగ్లీషులోకి అనువదించి మూడు సంపుటాలుగా ప్రచురించారు.’