పట్టిన తూటా అల్లా పేలదు

చిరంజీవికి ఆశీస్సులు.

నవల మొత్తం చదివాను. సూర్యాపేట దారిలో ఆ రాత్రి నడక నాకు బాగా నచ్చింది. తుపాకీ కనబడిన ప్రతి చోటా మాత్రం నీ మీద నమ్మకం సడలింది.

1948 సెప్టెంబరులో, పోలీసు చర్య రోజుల్లో, భారత సైనికుడి చేతికి ఏకే-47 ఇచ్చావు. సోవియట్ సైన్యమే దాన్ని 1949లో స్వీకరించింది. మన సైనికుడి భుజాన అప్పుడున్నది పాయింట్ 303 లీ-ఎన్‌ఫీల్డ్. ఇది ఒక్క గీతతో దిద్దుకోవచ్చు.

పదకొండో అధ్యాయం సంగతి అలా కాదు. దొరికిన ఏకే తూటాలను నీ కథానాయకుడు ఎస్ఎల్ఆర్‌లో, అంటే సెల్ఫ్ లోడింగ్ రైఫిల్‌లో, నింపి కాల్చేస్తాడు. "రెండూ 7.62 కదా" అంటాడు. 7.62 అనేది గొట్టం లోపలి వ్యాసం, మిల్లీమీటర్లలో. దాని పక్కనుండే అంకెను నువ్వు వదిలేశావు. అది తూటా తొడుగు, అంటే మందు నింపే లోహపు గొట్టం, పొడవు. ఏకేది 7.62×39, ఎస్ఎల్ఆర్‌ది 7.62×51. పొడవులో పన్నెండు మిల్లీమీటర్ల తేడా, ఆకారమూ వేరు. రష్యన్లదే ఇంకొకటి ఉంది, 7.62×54ఆర్. ఆ ఆర్ తొడుగు అడుగున బయటికి పొడుచుకొచ్చే అంచుకు గుర్తు. ఒకే ఇంటిపేరు ఉన్నంత మాత్రాన ఈ ముగ్గురూ అన్నదమ్ములు కారు.

ఆ మొదటి అంకెను కూడా పూర్తిగా నమ్మకు. గొట్టం లోపల గాడులు, వాటి మధ్య గట్లు ఉంటాయి. 303 అన్నది ఎదురెదురు గట్ల మధ్య దూరం, అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన. తూటా కొన నుంచి దూసుకెళ్లే గుండు ఆ గాడుల దాకా నిండాలి కాబట్టి దాని అసలు వ్యాసం 311కు పైనే ఉంటుంది. అమెరికా వాళ్ల పేర్లు మరీ చిత్రం. 30-06లో 06 అంటే 1906వ సంవత్సరం. 30-30లో రెండో 30 మొదట్లో పోసిన తుపాకిమందు బరువు, గ్రెయిన్లనే చిన్న తూకంలో. కొలత, సంవత్సరం, బరువు: ఏది ఎక్కడ ఎందుకు వచ్చిందో తెలియకుండా అంకెలు వాడితే నీలాగే ఇరుక్కుంటారు.

నీకు పనికొచ్చే అసలు సరుకు బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ కర్మాగారంలో ఉంది. 1962 యుద్ధం తరువాత ఆ కర్మాగారం పాత లీ-ఎన్‌ఫీల్డ్ వాటంలోనే 7.62×51 తూటాకు 2ఏ, 2ఏ1 రైఫిళ్లు చేసింది. దూరం నుంచి చూస్తే పాత 303 అనే అనుకుంటాం. రైఫిల్ కింద తగిలించే తూటాల పెట్టె కాస్త చదరంగా ఉండటమే గుర్తు. ఒకదాని తూటా మరొకదానికి పనికిరాదు. చీకట్లో, కంగారులో, ఆయుధాగారంలో రెండూ పక్కపక్కనే ఉంటే? నువ్వు కష్టపడి కల్పించిన ఉత్కంఠ కంటే ఇది నయం కాదూ.

టెక్సాస్ అధ్యాయంలో ప్రమాదం దీనికి తలకిందులు. అక్కడ తప్పు తూటా కూడా ఇమిడిపోతుంది, అదే చిక్కు. 223 రెమింగ్టన్, 5.56×45 నాటో తూటాలు పైకి దాదాపు ఒకటే. నాటో తూటా పీడనం ఎక్కువ, దాని కోసం చేసిన రైఫిల్‌లో గాడులు మొదలయ్యే చోటు కూడా వేరు. 5.56 రైఫిల్‌లో 223 కాల్చవచ్చు, 223 అని మాత్రమే చెక్కిన గొట్టంలో 5.56 కాల్చకూడదు. 300 బ్లాకౌట్ అనే తూటా ఇంకా భయంకరం. అదే పెట్టెలో ఇముడుతుంది, కొన్నిసార్లు 5.56 రైఫిల్ చాంబర్‌లోకీ, అంటే గొట్టం మొదట్లో తూటా కూర్చునే చోటికీ, వెళ్లిపోతుంది. 7.62 గుండు 5.56 గొట్టంలో దూరలేక రైఫిలే పగులుతుంది. అందుకే కాల్చేవాళ్లు గొట్టం మీద చెక్కినదీ, తూటా అడుగున ముద్రించినదీ సరిపోల్చుకుంటారు. నీ పాత్ర చేత ఒక్కసారి ఆ పని చేయించు.

సైనిక తూటాల అడుగున సాధారణంగా కర్మాగారం గుర్తు, సంవత్సరం ఉంటాయి. కేఎఫ్ అంటే కిర్కీ, ఇప్పటి పుణె దగ్గరి ఖడ్కీ. 1941 తూటా 1948లో పేలవచ్చు, 1956 తూటా పేలదు. నీ ఇన్‌స్పెక్టరుకు పొలంలో దొరికిన ఖాళీ తొడుగును జేబులో వేయించావు, తిప్పి చూడనివ్వలేదు. ఆయన ఆ సంవత్సరం చదివితే దొర కొడుకు చెప్పిన సాక్ష్యం అక్కడికక్కడే కూలుతుంది, నీకు నలభై పేజీలు మిగులుతాయి.

ఆ దొర ఇంట్లో లైసెన్సు రైఫిల్‌ను 315 బోరుది చెయ్యి. సైన్యం వాడిన 303 మామూలు లైసెన్సుకు రాదు. అధ్యాయం దిద్ది పంపు, మిగతాది తరువాత మాట్లాడుకుందాం.

నీ శ్రేయోభిలాషి