లంబసింగి మంచు సరిపోదు

విశాఖపట్నం

అమ్మాయ్,

నీ స్క్రిప్టు రెండుసార్లు చదివాను. కొరియా కథను విశాఖకు తేవాలన్న ఊహ బాగుంది. కైలాసగిరి, బీచ్ రోడ్డు, మురీ మిక్చర్ అన్నీ పెట్టావు. మనుషులు మాత్రం ఇంకా సియోల్‌లోనే ఉండిపోయారు.

తొలి మంచు కురిసిన రోజున కలుసుకుందామని మాట ఇచ్చుకోవడం అక్కడి ప్రేమకథల్లో మామూలు. నువ్వు ఆ జంటను మన్యం కొండల్లోని లంబసింగికి పంపావు. ఆకాశం నుంచి రాలేదాన్నీ, పొగమంచునూ మనం మంచే అంటాం కదా, ఆ మాట నిన్ను మోసం చేసింది. లంబసింగి పొగమంచు చలికాలంలో ఏ తెల్లవారుజామున వెళ్లినా కనిపిస్తుంది. కొరియాలో ఆ తొలి మంచు ఎప్పుడు పడుతుందో ఎవరికీ తెలియదు, పడిందంటే ఊరంతటికీ ఒక్కసారే తెలుస్తుంది. నీకు కావలసిన గుణం అది. చలితో మనకేం పని?

మీ ఇల్లు జాలారిపేటకు కూతవేటు దూరమేగా. అబ్బాయి మరబోటు మీద వేటకు వెళ్లేవాడనుకో. వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. ముందే తెలిసిన తేదీ కనుక అందులో ఎదురుచూపు లేదు. తుపాను వస్తే? పోర్టులో ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారు, బోట్లు హార్బరుకు మళ్లుతాయి. 'హెచ్చరిక ఎగరేసిన రోజున కలుద్దాం' అందనుకో ఆ పిల్ల, ఇక రోజూ తుపాను కోసం మొక్కుకోవాలి, అతను నడిసముద్రంలో ఉండగా. ఈ చిక్కు కొరియా కథలో లేదు. నీది.

మన ఊరి కథ బయటికి వెళ్లిన తీరూ చూడు. 1978 నాటి 'మరో చరిత్ర' సినిమాలో విశాఖ తీరాన తమిళ అబ్బాయి, తెలుగు అమ్మాయి. 1981లో ఆ దర్శకుడు బాలచందరే దాన్ని హిందీలో 'ఏక్ దూజే కే లియే'గా గోవాలో తీశారు. సముద్రం అక్కడా ఉంది, తేలిక. హిందీ ప్రేక్షకుడికి తమిళానికీ తెలుగుకూ నడుమ గోడ ఎక్కడ కనిపిస్తుంది? అందుకే అబ్బాయిని తమిళుడిగానే ఉంచి, అమ్మాయిని హిందీ మాట్లాడే ఇంట్లో పుట్టించారు.

ఇక 'ఒప్పా'. కొరియా అమ్మాయి సొంత అన్ననూ, తనకన్నా పెద్దవాడైన ప్రియుడినీ ఆ మాటతోనే పిలుస్తుంది. నువ్వేమో నిఘంటువు చూసి 'అన్నయ్యా' అని రాశావు! మన దగ్గర ఆ పిలుపుతో ప్రేమ అక్కడికక్కడే చస్తుంది. పోనీ 'బావా' అందామంటే సగం పెళ్లి అయిపోయినట్టే. మన పిల్ల ఇంట్లోవాళ్ల ముందు అతన్ని ఏ పిలుపూ లేకుండా 'మీరు'తో నెట్టుకొస్తుంది. ఒకరోజు నోరు జారి 'నువ్వు' అంటుంది. వంటింట్లో తల్లి చేతిలో గరిటె ఆగుతుంది. ఆ సీను రాయి.

వచ్చే ఆదివారం సాయంత్రం ఇంటికి రా, కొత్త కాగితాలతో. పాతవాటిలో 'అన్నయ్యా' ఉన్న పేజీ మాత్రం ఇవ్వను. మా ఆవిడ దాచుకుంది, దిగులేసినప్పుడల్లా తీసి చదువుకుంటోంది.

ఆశీస్సులతో,
మాస్టారు