రేసు నడిపితే చాలదా? ప్రచారానికీ వెళ్లాలా?

ప్రశ్న: మాది తిరుపతి. మా అబ్బాయికి 17 ఏళ్లు, ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. మూడేళ్లుగా కార్టింగ్ (చిన్న రేసు కార్ల పోటీలు) చేస్తున్నాడు. ఇప్పుడు చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లో ఫార్ములా తరహా కారు నడపడం నేర్చుకుంటున్నాడు. వచ్చే సీజన్ ఖర్చులో సగం భరిస్తానని మా ఊరి వ్యాపారి ఒకరు ముందుకొచ్చారు. బదులుగా దుకాణాల ప్రారంభోత్సవాలకు, కాలేజీ కార్యక్రమాలకు వాడు వెళ్లాలి, ఫొటోలు, వీడియోలు ఇవ్వాలి. 'అవసరమైనప్పుడల్లా హాజరు కావాలి' అని ఒప్పందంలో రాశారు. వాడు ససేమిరా అంటున్నాడు. 'రైకోనెన్ ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు, వెర్‌స్టాపెన్ నెట్‌ఫ్లిక్స్ వాళ్లనే వద్దన్నాడు. డ్రైవర్ పని కారు నడపడమే' అని వాదిస్తున్నాడు. పెద్ద డ్రైవర్లకు నిజంగా ఆ బాధ్యత లేదా? వాణ్ణి ఒప్పించాలా, వదిలేయాలా?

జవాబు: అమ్మా, మీ అబ్బాయి మంచి పేర్లే ఎంచుకున్నాడు. అయితే ఇద్దరి కథనూ సగంలో ఆపేశాడు. మిగతా సగం నేను చెబుతాను, ఈ పేజీ వాడికి చూపించండి.

కిమి రైకోనెన్ 2007లో ఫెరారీ జట్టు తరఫున ఫార్ములా వన్ ప్రపంచ విజేత అయ్యాడు. మైకు ముందు పెడితే రెండు మాటల్లో ముగించేవాడన్నది నిజమే. కానీ ఆ రెండు మాటలు చెప్పడానికి వచ్చి నిలబడేవాడు, స్పాన్సర్ల పేర్లున్న టోపీ పెట్టుకునే నిలబడేవాడు. 2017లో బార్సిలోనాలో జరిగిన స్పానిష్ గ్రాండ్ ప్రీ సంగతి మీవాడికి తెలిసే ఉంటుంది. మొదటి మలుపులోనే బొటాస్ అనే మరో డ్రైవర్ కారు తగిలి రైకోనెన్ కారు అదుపు తప్పింది, వెళ్లి వెర్‌స్టాపెన్ కారును ఢీకొంది. మీవాడు చెప్పిన ఇద్దరి రేసూ అక్కడితో ముగిసింది. స్టాండ్‌లో ఫెరారీ దుస్తులు వేసుకున్న ఒక చిన్న పిల్లవాడు వెక్కి వెక్కి ఏడవడం టీవీలో ప్రపంచమంతా చూసింది. ఫెరారీ వాళ్లు ఆ బాబు ఎక్కడున్నాడో వెతికి, తల్లిదండ్రులతో సహా లోపలికి తీసుకొచ్చారు. అప్పుడే రేసు పోగొట్టుకున్న రైకోనెన్ వాడి పక్కన నిలబడి ఫొటో దిగాడు, టోపీ ఇచ్చాడు. ఎవరితోనూ మాట్లాడడని మీవాడు చెప్పిన మనిషి చేసిన పని అది.

ఇక వెర్‌స్టాపెన్, ఈయనా ఫార్ములా వన్ ప్రపంచ విజేతే. లేని వైరాలు పుట్టించి చూపిస్తున్నారని ఆయన కొన్నేళ్లు ఫార్ములా వన్ మీద తీసే నెట్‌ఫ్లిక్స్ సిరీస్‌కు ఇంటర్వ్యూలు ఇవ్వలేదు. నిర్మాతలతో మాట్లాడుకున్నాక మళ్లీ ఇచ్చాడు. 2024లో సింగపూర్‌లో ప్రెస్ మీట్‌లో ఒక అసభ్య పదం వాడినందుకు ఈ క్రీడను నడిపే అంతర్జాతీయ సంస్థ ఎఫ్ఐఏ ఆయనకు సమాజ సేవ శిక్ష వేసింది. నిరసనగా తర్వాతి అధికారిక ప్రెస్ మీట్‌లో ముక్తసరి జవాబులిచ్చాడు. కానీ విలేఖరులను గది బయటికి రమ్మని, అక్కడ అడిగినవాటికి వివరంగా మాట్లాడాడు. ఆయన కోపం నియమం మీద, ఆ గదిలో కూర్చున్న మనుషుల మీద కాదు. అంతటి విజేత కూడా ఆ డిసెంబరులో రువాండా వెళ్లి శిక్ష పూర్తి చేశాడు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వస్తాను. డ్రైవర్ ప్రచారానికి బాకీ ఉన్నాడా? స్పాన్సరుకు ఉన్నాడు, కాగితం మీద రాసుకున్నంత మేరకు. అభిమానికి ఉన్నది ఇంకో రకం బాకీ. ఈ రెంటినీ కలిపేయడం వల్లే ఇళ్లలో ఇలాంటి గొడవలు వస్తున్నాయి.

స్పాన్సరు బాకీ ఈ క్రీడలో మిగతా ఆటలకంటే బరువైనది. క్రికెట్‌లో పరుగులు చేసిన పిల్లవాణ్ణి జట్టులోకి తీసుకుంటారు, బంతుల ఖర్చు నువ్వే పెట్టుకో అనరు. రేసింగ్‌లో కారులో కూర్చోవడానికే డబ్బు కట్టాలి. టైర్లు, ఇంధనం, మెకానిక్‌లు, ఎంట్రీ ఫీజు, విరిగిన కారు రెక్క, అన్నీ ఎవరో ఒకరు భరించాలి. ఒకప్పుడు గ్రాండ్ ప్రీ కార్లకు దేశాల రంగులుండేవి. ఇటలీది ఎరుపు, బ్రిటన్‌ది ఆకుపచ్చ, ఫ్రాన్స్‌ది నీలం. 1968లో లోటస్ జట్టు తన కార్లకు ఒక సిగరెట్ బ్రాండు రంగులు వేసింది. అప్పటి నుంచి కారే ప్రకటన బోర్డు, దాంట్లో కూర్చున్న మనిషి ఆ ప్రకటనకు ముఖం. నికీ లౌడా అనే డ్రైవర్ 1976లో నూర్‌బర్గ్‌రింగ్‌లో మంటల్లో కాలిపోయి బతికి బయటపడ్డాక, తల మీది మచ్చలు కనపడకుండా ఎర్ర టోపీ పెట్టుకున్నాడు. తర్వాత ఆ టోపీ మీద స్పాన్సరు పేరు వచ్చింది. మన దేశం నుంచి ఫార్ములా వన్‌కు చేరిన మొదటి డ్రైవర్ నరైన్ కార్తికేయన్ 2005లో జోర్డాన్ జట్టులో అడుగుపెట్టినప్పుడు వెనక టాటాల అండ ఉంది. ప్రతిభ ఒక్కటే ఉంటే ఆ సీటు దక్కేది కాదని చెప్పడం ఆయన్ను తక్కువ చేయడం కాదు. ఈ వృత్తి అలాగే నడుస్తుంది. మీ ఊరి వ్యాపారి ఇచ్చే సగం సీజన్ డబ్బు కూడా అలాంటిదే. అది బహుమతి అనుకుంటే మీవాడు పొరపడ్డట్టే.

ఇచ్చిన మాట తప్పితే ఎవరు అడుగుతారో చూడండి. 2002లో ఇండియానాపొలిస్ రేసు తర్వాత నాస్కార్ (అమెరికాలో కార్ల రేసులు నడిపే సంస్థ) డ్రైవర్ టోనీ స్టీవార్ట్ ఒక ఫొటోగ్రాఫర్ మీద చేయి చేసుకున్నాడు. నాస్కార్ 10,000 డాలర్ల జరిమానా వేసింది. ఆయన స్పాన్సరు హోమ్ డిపో 50,000 డాలర్లు వేసింది! ఆటను నడిపేవాళ్లకంటే అయిదు రెట్లు. ఆ ఏడాది ఛాంపియన్ కూడా ఆయనే. గెలిస్తే అన్నీ చెల్లిపోతాయని మీవాడు నమ్ముతుంటే, ఈ అంకెలు వాడి ముందు పెట్టండి.

అయితే అదే నాస్కార్ నుంచి మీకు, మీకే, చెప్పాల్సిన సంగతి మరొకటి ఉంది. రిచర్డ్ పెటీ అనే దిగ్గజం 200 రేసులు గెలిచాడు, ఏడుసార్లు ఛాంపియన్. ఆయన కుటుంబం కార్లన్నీ ఒక ప్రత్యేకమైన నీలం రంగులో ఉండేవి. 1972లో ఎస్‌టీపీ అనే కంపెనీ స్పాన్సర్ చేస్తామంటూ వచ్చి, కారంతా తమ ఎరుపు రంగులో ఉండాలని పట్టుబట్టింది. పెటీ తన నీలాన్ని వదులుకోనన్నాడు. చర్చలు సాగి సాగి చివరకు కారు సగం ఎరుపు, సగం నీలం అయింది. ఇష్టం లేనిది ఒప్పుకుని తర్వాత ముఖం మాడ్చుకోలేదు. ఏది ఇవ్వగలడో, ఏది ఇవ్వలేడో సంతకానికి ముందే తేల్చుకున్నాడు. ఆ మనిషే గంటల తరబడి నిలబడి అభిమానులకు తన పొందికైన చేతిరాతలో ఆటోగ్రాఫులు ఇచ్చేవాడు.

మీ కాగితంలో నన్ను కలవరపెడుతున్నది మీవాడి మొండితనం కాదమ్మా, 'అవసరమైనప్పుడల్లా' అన్న మాట. ఎవరికి అవసరమైనప్పుడు? నా దగ్గరికి వచ్చిన ఒక బ్యాడ్మింటన్ అమ్మాయి ఒప్పందంలోనూ ఇదే మాట ఉండేది. సెమీఫైనల్‌కు ముందురోజు సాయంత్రం ఒక దుకాణం ప్రారంభానికి పిలిచారు. వెళ్లింది, రాత్రి పదకొండుకు ఇల్లు చేరింది, మర్నాడు ఓడిపోయింది. ఆ పిల్ల కళ్ల నీళ్లు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. లెక్క లేని బాకీ ఎప్పటికీ తీరదు. అందుకే రోజులు లెక్కగా రాయించండి. ఏడాదికి ఎనిమిది రోజులు అనుకుందాం. రేసుకు ముందు మూడు రోజులు, ఇంటర్ పరీక్షల నెల మొత్తం, గాయమైతే డాక్టర్ సరేననేవరకు ఏ కార్యక్రమమూ ఉండకూడదు. ప్రయాణ ఖర్చులు వాళ్లవి. సోషల్ మీడియా ఖాతా తాళం మీ చేతిలోనే ఉండాలి. ఆ వ్యాపారి రేపు ఇంకెవరి సరుకునో ప్రచారం చేయమంటే వద్దనే హక్కు మీకుండాలి. బెట్టింగ్ యాప్‌లను ప్రచారం చేసినందుకు 2025లో తెలంగాణలో పేరున్నవాళ్ల మీదే కేసులు నమోదయ్యాయి. మీవాడికి 18 నిండలేదు కాబట్టి చట్టం దృష్టిలో వాడి సంతకానికి విలువ లేదు. సంతకం మీది. అంటే మాట ఇస్తున్నది మీరు, నిలబెట్టాల్సింది వాడు. వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకోకుండా ఆ కాగితం మీద కలం పెట్టకండి.

ఇక అభిమాని. 2013 అక్టోబరు 27న గ్రేటర్ నోయిడాలోని బుద్ధ సర్క్యూట్‌లో సెబాస్టియన్ వెటెల్ వరుసగా నాలుగో ప్రపంచ టైటిల్ గెలిచాడు. నిబంధన ప్రకారం కారును నేరుగా నిర్ణీత స్థలానికి తీసుకెళ్లాలి. ఆయన మెయిన్ స్టాండ్ ముందు ఆగి, పొగలు చిమ్ముతూ కారును గిరగిరా తిప్పి, దిగి, కారుకు మోకరిల్లి నమస్కరించి, చేతి తొడుగులు జనంలోకి విసిరాడు. అందుకు ఆయనకు మందలింపు, జట్టుకు 25,000 యూరోల జరిమానా పడ్డాయి. ఏ స్పాన్సరూ రాయించుకోని నిమిషాలవి. మన దేశంలో ఫార్ములా వన్ మళ్లీ జరగలేదు, ఆ స్టాండ్‌లో కూర్చున్నవాళ్లకు మాత్రం ఆ పొగ వాసనతో సహా గుర్తుంటుంది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ (ఎలక్ట్రిక్ కార్ల) రేసు జరిగినప్పుడు మనవాళ్లూ అలాగే ఎదురుచూశారు. మరుసటి ఏడాది రేసు రద్దయింది. చాలామంది పిల్లలకు డ్రైవర్ని దగ్గరగా చూసిన రోజు ఆ ఒక్కటే. అలాంటి రోజున కళ్లెత్తి చేయి ఊపడం నా దృష్టిలో బాకీయే, ఎక్కడా రాసి ఉండకపోయినా.

అంతకు మించి కాదు. అదే ఫార్ములా ఈలో 2022 వరకు అభిమానుల ఓట్లు ఎక్కువ పడ్డ డ్రైవర్ల కార్లకు రేసులో కొంత అదనపు శక్తి ఇచ్చేవారు. తర్వాత తీసేశారు, మంచి పని చేశారు. జనాదరణ ఇంజిన్‌లోకి రాకూడదు. అలాగే అభిమానికి డ్రైవర్ ఇంటి విషయాలు, ప్రతి మెసేజ్‌కూ జవాబు, ప్రమాదం జరిగిన పది నిమిషాలకే చిరునవ్వు అడిగే హక్కు లేదు. మీవాడు ఈ భయంతోనే వద్దంటుంటే, ఆ భాగంలో వాడిదే న్యాయం.

ఒక సంగతి మాత్రం మీరు దగ్గరుండి గమనించాలి. వాడిది బిడియమా, బాధా? పది మందిలో మాటలు తడబడితే అది బిడియం, సాధనతో తగ్గుతుంది. కార్యక్రమం పేరు చెప్పగానే నిద్ర పట్టకపోవడం, చేతులు వణకడం, తిండి మానేయడం ఉంటే ముందు మానసిక నిపుణుణ్ణి కలవండి, వ్యాపారి సంగతి తర్వాత. 2021 ఫ్రెంచ్ ఓపెన్‌లో టెన్నిస్ క్రీడాకారిణి నవోమీ ఒసాకా తన మానసిక ఆరోగ్యం కోసం ప్రెస్ మీట్‌కు రానంటే 15,000 డాలర్ల జరిమానా వేశారు. చివరికి ఆమె టోర్నీ నుంచే తప్పుకుంది. పిల్లవాణ్ణి అంతదాకా నెట్టే డబ్బు మనకు వద్దు.

బిడియమే అయితే, ఈ ఆదివారం వాణ్ణి వెంటబెట్టుకుని ఆ వ్యాపారి దగ్గరికి వెళ్లండి. తాను ఏం చేయగలడో వాడి నోటితోనే చెప్పనివ్వండి. రిబ్బన్ కత్తిరించే చోట ఊరికే నిలబడటం కష్టమైతే, కాలేజీ పిల్లలకు బ్రేకులు ఎలా పనిచేస్తాయో, టైరు ఎందుకు వేడెక్కాలో చెబుతానని అడగొచ్చు. తెలిసిన విషయం చెప్పేటప్పుడు బిడియస్తుడికి కూడా గొంతు పెగులుతుంది. ఆయన రోజుల లెక్కకు ఒప్పుకుంటే అక్కడే రాయించుకోండి. ఒప్పుకోకపోతే ఈ ఏడాది సగం రేసులే నడిపినా ఫరవాలేదు, 17 ఏళ్లకు ఏదీ మించిపోలేదు. మొదటి కార్యక్రమానికి మాత్రం హెల్మెట్ వెంట తీసుకెళ్లమనండి. చేతుల్లో పట్టుకోవడానికి అలవాటైన వస్తువు ఒకటి ఉంటుంది, ముందుగా వచ్చి పలకరించే చిన్నపిల్లలు దాని గురించే అడుగుతారు.