మినిమమ్ డ్యూ కడుతున్నా కార్డు బాకీ తరగడం లేదు

ప్రశ్న: నా వయసు 25. మాదాపూర్‌లో ప్రైవేటు ఉద్యోగం. నెలకు రూ.42,000 చేతికొస్తుంది. హాస్టల్‌కు రూ.9,000, ఖమ్మంలో అమ్మానాన్నలకు రూ.8,000, ఫోన్ నో కాస్ట్ (వడ్డీ లేని) ఈఎంఐకి రూ.5,400 (ఇంకా నాలుగు వాయిదాలు) పోతాయి. క్రెడిట్ కార్డుపై రూ.84,000 బాకీ ఉంది, వడ్డీ నెలకు 3.5 శాతం. ప్రతి నెలా మినిమమ్ డ్యూ (బిల్లులో కనీసం కట్టాల్సిన మొత్తం) రూ.4,200 కడుతున్నాను. మిగిలింది 20వ తేదీకే అయిపోతోంది. రూ.60,000 ఎఫ్‌డీ ఉంది. ఆన్‌లైన్‌లో తిండి తెప్పించుకోవడం మానేసి, రూ.3,000తో సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా మదుపు) మొదలుపెట్టమంటారా?

జవాబు: సిప్ ఆలోచనను ప్రస్తుతానికి పక్కన పెట్టండి. మీరు తిండి ఖర్చును తప్పుపడుతున్నారు గానీ, అసలు చిక్కు కార్డు దగ్గర ఉంది. రూ.84,000పై నెల వడ్డీ రూ.2,940; దానిమీద 18 శాతం జీఎస్టీ కలిపితే సుమారు రూ.3,470 అవుతుంది. అంటే మీరు కట్టే రూ.4,200లో అసలుకు జమయ్యేది రూ.730 మాత్రమే. పైగా బిల్లు పూర్తిగా చెల్లించనంత కాలం కొత్త కొనుగోళ్లకు వడ్డీ లేని గడువు వర్తించదు కాబట్టి, ఈ రోజు గీకిన రూ.300కు కూడా ఈ రోజు నుంచే వడ్డీ పడుతుంది. ఏడాదికి 42 శాతం వడ్డీ కడుతూ సిప్ చేయడంలో అర్థం లేదు. అంత రాబడికి ఏ ఫండూ హామీ ఇవ్వదు.

ఎఫ్‌డీని కదపకూడదని ఇంట్లో పెద్దలు చెప్పి ఉండవచ్చు. ఈ ఒక్కసారికి ఆ మాట పక్కన పెట్టండి. గడువుకు ముందే రద్దు చేసినందుకు వడ్డీలో కొంత కోత పడినా, ఆ నష్టం కార్డు వడ్డీ ముందు లెక్కలోకి రాదు. అందులో రూ.45,000 కార్డుకు కట్టి, రూ.15,000 అత్యవసరానికి ఉంచుకోండి. మిగిలిన రూ.39,000కు నెలకు రూ.9,000 చొప్పున కడితే, కార్డును మళ్లీ వాడనట్లయితే, ఐదో నెలలో బాకీ తీరిపోతుంది. ఫోన్ వాయిదాలను మాత్రం ముందుగా తీర్చే తొందర వద్దు, దానివల్ల మీకు మిగిలేదేమీ ఉండదు. అమ్మానాన్నలకు పంపే సొమ్ము కూడా తగ్గించనక్కర్లేదు.

అప్పుడు మీ సొంత ఖర్చులకు రూ.10,600 ఉంటాయి. ఇప్పటిదాకా రూ.15,400 వాడుతున్నారు కాబట్టి ఇది ఇబ్బందిగానే ఉంటుంది. స్టేట్‌మెంట్ తీసి చూస్తే పెద్ద ఖర్చులకన్నా రూ.89, రూ.129, రూ.240 వంటి యూపీఐ చెల్లింపులే వరుసగా కనిపిస్తాయని నా అనుభవం. జీతం ఖాతాను యూపీఐ నుంచి తొలగించి, వేరే సేవింగ్స్ ఖాతాను జోడించండి. ప్రతి సోమవారం అందులోకి రూ.2,400 మాత్రమే బదిలీ చేసుకోండి. మీది రూపే కార్డు అయి, యూపీఐకి లింకై ఉంటే దాన్ని కూడా తీసేయండి. టీ కొట్టు క్యూఆర్ దగ్గర కూడా అప్పు చేయించే సౌకర్యం అది. షాపింగ్ యాప్‌లలో దాచిన కార్డు వివరాలను చెరిపేయండి. యూపీఐ యాప్‌లో ఆటోపే జాబితా తెరిచి, చూడని ఓటీటీల వంటివి రద్దు చేయండి.

బాకీ తీరాక కార్డును మూసేయాల్సిన పని లేదు. బ్యాంకు యాప్‌లో ఆటో డెబిట్ ‘మినిమమ్ డ్యూ’పై ఉంటే ‘టోటల్ డ్యూ’కు మార్చండి. సిప్‌ను ఆ తర్వాతి నెల జీతంతో మొదలుపెట్టవచ్చు. అప్పటికి ఫోన్ వాయిదా కూడా ముగిసి ఉంటుంది కాబట్టి రూ.3,000 కాదు, రూ.5,000 పెట్టినా మీకు భారం కాదు.