అత్తగారి సంగతి తర్వాత, ముందు అమ్మ సంగతి చెప్పండి

ప్రశ్న: పాప పుట్టి నాలుగు నెలలైంది. మొదటి కాన్పు. అది పడుకున్నా నాకు నిద్ర పట్టదు, ఊపిరి ఆడుతోందో లేదో చూస్తూ కూర్చుంటాను. ఊరికే ఏడుపొస్తోంది. నేను లేకపోతే దానికే నయమేమో అనిపిస్తోంది. అమ్మతో ఒకసారి అంటే, ‘ముగ్గుర్ని కన్నాను, నాకెప్పుడూ ఈ రోగాలు రాలేదు’ అంది. మా ఆయన మంచివారే, కానీ ఆఫీసు టెన్షన్. కౌన్సెలింగ్‌కి వెళ్లాలని ఉంది. మా అత్తగారికి తెలిస్తే పిచ్చిదాన్ని అంటగట్టారని అందరితో చెప్తారు. ఆవిడకి తెలియకుండా ఎలా వెళ్లాలి?

జవాబు: చెప్పకుండా వెళ్లండి. పన్ను నొప్పెడితే ఆవిడ అనుమతి తీసుకునే వెళ్తారా? పాపకి టీకా వేయించే రోజే మీ అపాయింట్‌మెంటూ పెట్టుకుంటే ఇంట్లో అడిగేవాళ్లే ఉండరు. మీరు అడిగినదానికి జవాబు అయిపోయింది.

మీరు అడగనిది వేరే ఉంది. ‘నేను లేకపోతే దానికే నయమేమో’ అని, పైన కుదించి వేశాం గానీ, మీ అసలు మెయిల్లో రెండు పేరాల అత్తగారి మధ్య ఇరికించి, ఎవరూ చూడకపోతే బాగుండు అన్నట్టు ఒక్క లైను రాశారు. మెయిల్ పంపిన టైము తెల్లవారుజామున 3.40. అమ్మా, ఆ ఒక్క లైను ఇవాళే మీ ఆయనకి చెప్పాలి, మీటింగులో ఉన్నా సరే ఫోన్ చేసి, ఉన్నదున్నట్టు ఆ మాటల్లోనే. ‘ఒంట్లో బాగోలేదండీ’ అన్నారనుకోండి, ఒక తలనొప్పి మాత్ర తెచ్చిచ్చి పడుకుంటారు. ఆ ఆలోచన ముదిరి ఎలా, ఎప్పుడు అన్నదాకా వచ్చినా, ఎవరో మాట్లాడుతున్నట్టు చెవిలో వినిపించినా అపాయింట్‌మెంట్ గురించి ఆలోచించకండి, పాపని ఇంకొకరి చేతికిచ్చి అప్పటికప్పుడు ఎవరినైనా వెంటబెట్టుకుని ఆస్పత్రి ఎమర్జెన్సీకి వెళ్లిపోండి.

కాన్పయిన రెండు మూడు రోజులకి కారణం లేకుండా ఏడుపు రావడం సగానికి పైగా తల్లుల్లో ఉండేదే, రెండు వారాల్లో దానంతటదే పోతుంది. నాలుగు నెలలైనా పోలేదంటే అది ఆ కోవలోది కాదు. మీరు చెప్పినవన్నీ కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్ లాగానే ఉన్నాయి, తేల్చాల్సింది మాత్రం డాక్టరే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో కొత్తగా తల్లులైనవాళ్లలో దాదాపు 13 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య వస్తుంది, ఎక్కువగా డిప్రెషనే. కాన్పు కాగానే ఒకటి రెండు రోజుల్లో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్లు అమాంతం పడిపోతాయి, దానికి తోడు నెలల తరబడి నిద్ర లేకపోవడం. ఇందులో మీ చేతకానితనం ఏముందని?

ఇక అత్తగారు. మీ మెయిల్ ఇంకోసారి చదువుకోండి. ఆవిడ ‘చెప్తారు’, ‘అంటారు’, ‘చూస్తారు’. పాపం ఆవిడ ఇంకా ఏమీ అనలేదు! అన్నది మీ అమ్మ. ఆ ఒక్క మాటతో మీ నోరు మూతపడింది, అందుకే ‘ఒకసారి’ అని రాశారు, రెండోసారి లేదు. కన్నతల్లే నమ్మలేదంటే ఇంకెవరు నమ్ముతారులే అనుకుని, ఆ కోపం అమ్మ మీద చూపించలేక మొత్తం తీసుకెళ్లి అత్తగారి ఖాతాలో వేశారు. అమ్మ ‘వెళ్లవే’ అని ఒక్క మాట అని ఉంటే మీరు ఈపాటికి వెళ్లి వచ్చేసేవారు.

మీ అమ్మ అబద్ధం చెప్పారని నేను అనను. ఆవిడకి రాకపోయి ఉండొచ్చు. లేదా వచ్చినా దానికో పేరుందని చెప్పే మనిషి లేక అలాగే ఈదుకొచ్చి ఉండొచ్చు. డాక్టర్లు ఈ జబ్బు పసిగట్టడానికి వాడే ఎడిన్‌బరో స్కేలు అని పది ప్రశ్నలు ఉంటాయి, అవి తయారైందే 1987లో. మూడు కాన్పుల్లో ఒక్కసారైనా ఆవిడని ఎవరైనా అవి అడిగి ఉంటారా? పదో ప్రశ్న, మీరు ఇరికించి రాసిన ఆ లైను లాంటి ఆలోచనల గురించే.

అమ్మ మాట వినాలి, నేనూ అదే చెప్తాను. కానీ జ్వరం ఎంతుందో థర్మామీటరు పెట్టి చూస్తాం, అమ్మకి తోచినంత ఉందనుకోం. కాబట్టి ఫోన్ చేసి, ‘నీకు రాలేదమ్మా, నాకొచ్చింది. డాక్టర్ దగ్గరికి వెళ్తున్నా, రెండు గంటలు పాపని చూసుకో’ అనండి. వాదన పెట్టుకోవద్దు, ఒప్పించాలనీ చూడొద్దు, పని అప్పజెప్పండి చాలు. రాను అంటే అప్పుడు ఏడుద్దురుగాని, వస్తారనే నా నమ్మకం. ఇది మీ పాపకి మీరు చేయాల్సిన పని కూడా. దాని గుక్కెడు ఏడుపుకి పరిగెత్తే మనిషి తన ఏడుపుని నాలుగు నెలలు పక్కన పెడితే దాన్ని నేను త్యాగం అనలేను, క్షమించండి.

ముందు మీ కాన్పు చేసిన డాక్టర్నే కలవండి. థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు అడగండి, కాన్పు తర్వాత థైరాయిడ్ తేడా చేసినా ఇలాగే నీరసం, దిగులు ఉంటాయి. అక్కడి నుంచి సైకియాట్రిస్టుకో కౌన్సెలర్‌కో పంపిస్తారు. కొందరికి మాట్లాడే చికిత్సే సరిపోతుంది, కొందరికి మాత్రలు కూడా కావాలి. పాలిస్తున్నానని చెప్తే దానికి తగ్గ మందే రాస్తారు, సెర్ట్రలిన్ లాంటివి పాలల్లోకి చేరేది చాలా తక్కువ. రెండు వారాలకి కాస్త తేలిగ్గా ఉంది కదా అని సొంతంగా ఆపేయకండి.

మీ ఆయన ‘మంచివారే, కానీ’ అన్నారు. ఆ ‘కానీ’ని రాత్రి డ్యూటీకి వేయండి. మీకు నాలుగైదు గంటలు ఏకబిగిన నిద్ర కావాలి, ఆ టైములో పాప ఊపిరి చూస్తూ కూర్చునే పని ఆయనది.

మొదటి రోజు డాక్టర్ ముందు మాట పెగలకపోతే నాకు రాసిన మెయిలే ఫోన్‌లో తీసి చూపించండి. అత్తగారి పేరాలు రెండూ తీసేసి.