బల్ల అంచు ఎక్కడుందో చూశారా?

అమ్మా,

స్టిల్ లైఫ్ చిత్రకారుల, అంటే పండ్లు, పాత్రల వంటి కదలని వస్తువులను చిత్రించేవారి, శైలీభేదాల మీద మీరు పంపిన వ్యాసం అందింది. ఫ్రెంచి చిత్రకారుడు షార్దాన్ చిత్రంలో పిల్లి ఆల్చిప్పల మీద అడుగుపెట్టి వీపు విరుచుకున్న తీరును మీరు పట్టుకున్న వాక్యం బాగుంది. ఆ తరువాతి పేజీలోనే, “ఈ చిత్రకారులందరూ పండ్లకు, పాత్రలకు జీవం పోశారు, అయితే ఎవరి శైలి వారిది” అని రాశారు. నా చేత ఈ ఉత్తరం రాయిస్తున్నది ఆ వాక్యమే. ఎవరి శైలి వారిదని చెప్పడానికి చిత్రాలు చూడనక్కరలేదు; ఆ మాట పాటగాళ్ళ గురించీ, వంటవాళ్ళ గురించీ కూడా అంతే సులువుగా అనేయవచ్చు.

స్టిల్ లైఫ్ మీద రాయదలచినవారు అన్నిటికంటే ముందు బల్ల అంచు చూడాలని నా నమ్మకం. దీన్ని చాదస్తమనేవారు ఉన్నారు, అననివ్వండి. పండు, గిన్నె, సీసా ఎవరి చిత్రంలోనైనా ఉంటాయి. వాటిని ఎంత ఎత్తు నుంచి, ఎంత దగ్గరగా మనకు చూపించాలో చిత్రకారుడు చేసుకున్న నిర్ణయం మాత్రం బల్ల ముందంచును గీసిన చోటే బయటపడుతుంది.

స్పెయిన్ చిత్రకారుడు సాంచెస్ కోతాన్ 1603లో మఠంలో చేరిన వృత్తాంతానికి మీరు ఒక పేజీ కేటాయించారు. 1602 ప్రాంతంలో ఆయన వేసిన, ఇప్పుడు శాన్ డియాగో మ్యూజియంలో ఉన్న చిత్రానికి రెండే వాక్యాలు ఇచ్చారు. ఆ చిత్రంలో బల్ల లేదు. కిటికీ లాంటి ఒక రాతి చట్రం, దాని వెనక కటిక చీకటి ఉన్నాయి. క్విన్స్ అనే ఆపిల్ జాతి కాయ, క్యాబేజీ దారాలకు వేలాడుతుండగా, కోసిన ఖర్బూజా, దోసకాయ గట్టు మీద ఉన్నాయి. ఆ దోసకాయ కొన గట్టు దాటి మనవైపు పొడుచుకు వచ్చింది. ఆ ఒక్క కొనతో చిత్రంలోని చోటు మనం నిలబడిన చోటి దాకా వచ్చేసింది. దీన్ని వదిలేసి సన్యాసం, వైరాగ్యం అంటూ వెళ్ళిపోతే ఎలా? ఆ చిత్రం వేసే నాటికి ఆయన ఇంకా మఠంలో చేరనే లేదు.

డచ్ చిత్రకారుల దగ్గర మీరు మరో దారి తప్పారు. పుర్రె అంటే మృత్యువు, తొక్క తీసిన నిమ్మకాయ అంటే అందం వెనక పులుపు అని పట్టిక వేశారు. మంచిదే. హార్లెమ్‌లో హెడా వేసిన నిమ్మకాయకూ, ఆమ్‌స్టర్‌డామ్‌లో కాల్ఫ్ వేసిన నిమ్మకాయకూ అర్థం ఒకటే అయినప్పుడు ఆ రెండు చిత్రాలు ఒకదానికొకటి ఎందుకు పోలిక లేకుండా ఉన్నాయి? హెడా బల్ల బూడిద వన్నెలో, నలిగిన తెల్లగుడ్డతో, అంచు దాటి ముందుకు జరిగిన తగరపు పళ్ళెంతో, ఎవరో ఇప్పుడే తిని లేచిపోయినట్టు ఉంటుంది. కాల్ఫ్ బల్ల అంచు మీదికి తూర్పుదేశపు తివాచీ మడతలు పడి ఉంటాయి. ఆ చీకట్లో చైనా పింగాణీ, నిమ్మతొక్క మాత్రమే వెలుగును పట్టుకుంటాయి. శైలి గురించి అడిగిన ప్రశ్నకు ప్రతీకల పట్టిక జవాబు చెప్పదు.

1667లో ఫ్రెంచి కళా సిద్ధాంతకర్త ఫెలిబియెన్ చిత్రకళకు అంతస్తులు కట్టి, ప్రాణంలేని వస్తువులను అట్టడుగున కూర్చోబెట్టాడన్న సంగతి మీరు సరిగానే రాశారు. అయినా 1728లో షార్దాన్‌ను ఫ్రాన్స్ రాజ చిత్రకళా అకాడమీ చేర్చుకోవడానికి కారణమైన చిత్రాల్లో, కొక్కేనికి చేప వేలాడే ఆ పిల్లి చిత్రమే ఒకటి. కడుపు చీల్చిన ఆ చేప భయంకరంగా ఉన్నా, కత్తి పిడి రాతి గట్టు దాటి మన చేతికి అందేటట్టు ఉంటుంది. ఆ పిడి గురించి రాయండి.

ఇక ఫ్రెంచి చిత్రకారుడు సెజాన్. నేను విజయవాడలో కొలువు వెతుక్కుంటున్న రోజుల్లో, గ్రంథాలయంలోని ఒక పుస్తకంలో ఆయన ‘ఆపిల్ పండ్ల బుట్ట’ను నలుపు తెలుపు ముద్రణలో చూశాను. దాని మీద ట్రేసింగ్ కాగితం పరచి, పండ్లను వదిలేసి, బల్ల గీతలను మాత్రమే ఎత్తుకున్నాను. గుడ్డకు ఎడమవైపున్న అంచును స్కేలుతో పొడిగిస్తే కుడివైపు అంచుకు కలవలేదు. “చిత్రం చూస్తున్నావా, వడ్రంగిలా కొలతలు తీస్తున్నావా?” అని పక్కనున్న మిత్రుడు ఎగతాళి చేశాడు. ఆ కలవని గీతలే చిత్రం మొత్తానికీ కీలకం: ఒకే చోట కదలకుండా నిలబడిన కన్నుకు కనిపించే బల్ల కాదది; చూపు మారుతూ, తిరిగి తిరిగి చూసిన బల్ల. ఒరిగిన సీసా, ముందుకు దొర్లబోతున్నట్టున్న పండ్లు దాని వెంటే వచ్చాయి.

ఈ సంగతంతా రాసి ఒక పత్రికకు పంపితే, ఆ సంపాదకుడు బల్ల ఉన్న పేరాలన్నీ కొట్టేసి, నవలాకారుడు జోలాతో సెజాన్ స్నేహం చెడిన కథను మిగిల్చి, ‘ఆపిల్ మాంత్రికుడు’ అని శీర్షిక తగిలించి అచ్చువేశాడు. పాఠకులకు చిత్రం అక్కరలేదు, చిత్రకారుడి బతుకు కావాలని ఆయన వాదన. ఆ వాదన ఇప్పటికీ చలామణీలోనే ఉంది. మీ వ్యాసం నిండా జీవితచరిత్రలే ఉండడానికి కారణం అదేననుకుంటాను.

ఇటలీ చిత్రకారుడు మొరాండి పేరు చెప్పగానే ‘మౌనం’, ‘శూన్యం’ అని రాయడం మరో ఫ్యాషన్. మీరు ఆ రెండు మాటలనూ ఎన్నిసార్లు వాడారో ఎరుపు సిరాతో గుర్తుపెట్టాను. బొలోన్యాలోని ఇంట్లో, ముగ్గురు చెల్లెళ్ళతో కలిసి ఉంటూ, ఆయన చేసింది చాలా లెక్కగల పని. సీసాల మెరుపు చావడానికి వాటికి రంగు పూసేవాడు. బల్ల మీది కాగితంపై ఒక్కొక్క వస్తువు ఎక్కడ నిలబడాలో గీసి పెట్టుకునేవాడు. డబ్బా అడుగును బల్ల వెనకంచుతో ఒకే గీతలో కలిపి, ఆ వస్తువు ముందుందా వెనకుందా అన్న సందేహంలో మనల్ని నిలబెడతాడు. దీన్ని మౌనమనేస్తే ఆయన శ్రమంతా వృథా అవుతుంది.

ఏ పత్రికకు పంపాలని అడిగారు; అది తరువాత చూద్దాం. ముందు వ్యాసంలో షార్దాన్‌నూ మొరాండినీ ఉంచి, తక్కినవారిని తీసేయండి. ఇద్దరివీ ఒక్కొక్క చిత్రమే తీసుకోండి. తిరిగి పంపేటప్పుడు ఆ చిత్రాల ప్రింట్లు జతచేయండి. ఫోనులో దొరికే బొమ్మలను కింది భాగం కోసేసి పెడుతుంటారు కనుక మ్యూజియం వారి పెద్ద ప్రతినే తీసుకోండి. బల్ల లేని బొమ్మ పంపితే వ్యాసం చదవకుండా తిప్పి పంపిస్తాను.

ఆశీస్సులతో.