లైనక్స్ ల్యాప్‌టాప్‌కు 24 కిస్తీలా?

ప్రశ్న: మా అమ్మాయి కంప్యూటర్ సైన్స్ డిగ్రీలో చేరింది. ప్రోగ్రామింగ్‌కు, విండోస్‌కు బదులు వాడే లైనక్స్ నేర్చుకోవడానికి ల్యాప్‌టాప్ కావాలంటోంది. తను చూపించిన గేమింగ్ మోడల్ ఖరీదు నా చేతికొచ్చే జీతానికి 3 రెట్లు. ఇంట్లో సంపాదన నాదొక్కడిదే. అత్యవసరాలకని 2 నెలల జీతం పక్కన పెట్టాను. అది ఎలాగూ ఖాళీగానే ఉంది కాబట్టి అందులోంచి సగం తీసి కట్టేసి, మిగతాది 16 శాతం వడ్డీకి 24 నెలల ఈఎంఐ పెడదామనుకుంటున్నాను. బ్యాగు, మౌస్, ఎక్స్‌టెండెడ్ వారంటీకి లోన్ యాప్‌లో చిన్న మొత్తం తీసుకుంటే సరిపోతుంది. సెలవుల్లో ఎటైనా వెళ్దామని దాచిన ఒక నెల జీతం విడిగా ఉంది, దాన్ని కదపడం ఇష్టం లేదు. చదువు కోసం పెట్టేది పెట్టుబడే కదా?

జవాబు: ‘ఎలాగూ ఖాళీగానే ఉంది’ అన్న మాట దగ్గర ఆగిపోయానండీ. అత్యవసర నిధి గురించి నాకు రాసేవాళ్లలో చాలామంది ఈ మాటే రాస్తారు. కొన్నాళ్లకు వాళ్ల దగ్గర్నుంచే ఇంకో ఉత్తరం వస్తుంది, ఈసారి అప్పు తీర్చే దారి చెప్పమని. ఇల్లు అంటుకున్నాక బావి తవ్వే వాళ్ల సంగతి సామెతలో విన్నాం. మీరు తవ్వుకున్న బావిని ముందే పూడ్చేస్తున్నారు. మీ జవాబు అందరికీ పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

ఒక్కరి సంపాదన మీద నడిచే ఇంటికి 2 నెలల నిధే తక్కువ. అందులో సగం తీస్తే మిగిలేది ఒక్క నెల. ఆ ఒక్క నెల మీదే రెండేళ్ల ఈఎంఐ కూడా ఆధారపడుతుంది. లెక్క మీరు వేసుకున్నట్టు లేదు, నేను వేస్తాను. 2 నెలల జీతం అప్పు, 16 శాతం, 24 కిస్తీలు అంటే ప్రతినెలా జీతంలో దాదాపు పదో వంతు పోతుంది. మొత్తం తీరేసరికి వడ్డీ కిందే నెల జీతంలో మూడో వంతుకు పైగా కట్టి ఉంటారు. జీతం ఒక నెల ఆలస్యమైతే? ఇంట్లో ఎవరైనా నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంటే? అప్పుడు కిస్తీ ఆగదు, నిధి ఉండదు, ఫోన్‌లో ఆ లోన్ యాప్ మాత్రం సిద్ధంగా ఉంటుంది.

యాప్ మాట వచ్చింది కాబట్టి చెప్పేస్తాను. బ్యాగు కోసం, మౌస్ కోసం అప్పు చేయడం ఏమిటండీ! నెలకు 3 శాతమే అంటే చిన్నగా వినిపిస్తుంది. తీర్చకుండా వదిలేస్తే ఏడాదికి వందకు 42 పైచిలుకు పేరుకుంటుంది. పైగా ప్రాసెసింగ్ ఫీజు ముందే కోసుకుని ఇచ్చేవి చాలా ఉన్నాయి. అంటే చేతికి రాని డబ్బుకు కూడా వడ్డీ కడతారు. ఆ యాప్ ఈరోజే తీసేయండి. వడ్డీ లేని ఈఎంఐ అని ఆశపెడితే, మొత్తం ఒకేసారి కడితే ఎంత తగ్గిస్తారో అడగండి. ఆ తగ్గింపే మీ వడ్డీ.

కొన్నేళ్ల క్రితం ఒకాయన సరిగ్గా మీలాగే కొన్నారు, కొడుకు కోసం. ఏడో నెలలో కీబోర్డు మీద గ్లాసు నీళ్లు ఒలికాయి. మదర్‌బోర్డు పోయింది. ఎక్స్‌టెండెడ్ వారంటీ కాగితం తీస్తే, ద్రవాలు పడి పాడైతే వర్తించదని అందులోనే ఉంది. దానికి ప్రమాద బీమా వేరే తీసుకోవాలి. నిధి ఖాళీ, పరీక్షలు దగ్గర పడ్డాయి, రెండో ల్యాప్‌టాప్‌కు రెండో అప్పు. పనిచేయని మెషీన్‌కు ఆయన మిగిలిన కిస్తీలన్నీ కట్టారు. నన్ను కలిసినప్పుడు ఆ పాడైన ల్యాప్‌టాప్‌ను సంచిలో పెట్టుకుని తెచ్చారు, ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు.

చదువు పెట్టుబడే, ఒప్పుకుంటాను. ల్యాప్‌టాప్ మాత్రం పనిముట్టు. కొన్న రోజు నుంచే విలువ తగ్గుతూ పోయేది.

ఇక ఆ పనిముట్టు సంగతి. లైనక్స్ నేర్చుకుంటానని మీ అమ్మాయి అనడం మీకు కలిసొచ్చిన మాట. సీ, పైథాన్, జావా, డేటాబేస్‌లు, ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్ లాంటివాటికి గేమింగ్ మెషీన్ అక్కర్లేదు. నాలుగైదేళ్లు వాడిన ఆఫీసు ల్యాప్‌టాప్ మీద లైనక్స్ హాయిగా నడుస్తుంది. నేనీ జవాబు టైప్ చేస్తున్నది ఏడేళ్ల నాటి దాని మీదే. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 పాత ప్రాసెసర్లలో చాలావాటిని ఒప్పుకోదు. అందుకే ఎన్నో ఆఫీసులు బాగున్న మెషీన్లను కూడా వదిలించుకుంటున్నాయి. వాటిలో ప్రాసెసర్ ఇంటెల్‌దైతే 8వ తరం లేదా ఆ పైది చూడండి. 7వ తరం వరకు సన్నటి ల్యాప్‌టాప్‌లలోని ఐ5 ప్రాసెసర్‌కు మామూలుగా 2 కోర్లే (విడివిడిగా పనిచేసే భాగాలు) ఉండేవి, 8వ తరంలో 4 అయ్యాయి. పైగా విండోస్ 11 అధికారికంగా నడిచేది అక్కడి నుంచే. ఏదైనా ఆన్‌లైన్ పరీక్షకు విండోస్ తప్పనిసరి అన్నారనుకోండి, లైనక్స్‌తో పాటు అదీ పెట్టుకోవచ్చు.

ర్యామ్ 16 జీబీ ఉండాలి. 8 జీబీతో దొరికితే ఖాళీ స్లాట్ ఉందో లేదో చూడండి. కొన్ని పల్చటి మోడళ్లలో ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తారు, తర్వాత పెంచుకునే దారి ఉండదు. స్టోరేజీ పాత రకం హార్డ్ డిస్క్ కాకుండా, వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీయే అయి ఉండాలి. సైజు గురించి టెన్షన్ వద్దు, తర్వాత మార్చుకోవచ్చు. వైఫై చిప్ ఇంటెల్‌దైతే లైనక్స్‌లో తలనొప్పి తక్కువ. బ్రాడ్‌కామ్ చిప్‌లు కొన్నింటికి, రియల్‌టెక్ చిప్‌లు కొన్నింటికి డ్రైవర్ల (చిప్‌ను పనిచేయించే సాఫ్ట్‌వేర్) కోసం వెతుక్కోవాల్సి వస్తుంది. ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డు ఉంటే బరువు, వేడి, బ్యాటరీ ఖర్చు మీ అమ్మాయి వీపు మీదే. మెషీన్ లెర్నింగ్ పాఠం వచ్చినప్పుడు గూగుల్ కోల్యాబ్, కాగిల్ అనే వెబ్‌సైట్లు పరిమితంగానైనా జీపీయూను (గ్రాఫిక్స్ ప్రాసెసర్‌ను) ఉచితంగా ఇస్తాయి. యాపిల్ మెషీన్ల కోసం అసాహి అనే లైనక్స్ రకం ఉంది గానీ, మొదటి లైనక్స్ అనుభవానికి ఆ దారి వద్దు.

వాడినది కొనేటప్పుడు మీ అమ్మాయిని వెంట తీసుకెళ్లండి, ఉబుంటు గానీ లైనక్స్ మింట్ గానీ (రెండూ లైనక్స్ రకాలే) ఎక్కించిన పెన్‌డ్రైవ్‌తో. ఇన్‌స్టాల్ చేయకుండానే దాన్నుంచే మెషీన్‌ను బూట్ (స్టార్ట్) చేసి చూడొచ్చు. వైఫై కలుస్తోందా, స్పీకర్ పలుకుతోందా, కెమెరా వెలుగుతోందా చూడండి. మూత మూసి ఐదు నిమిషాలు ఆగి తెరవండి. చాలా మెషీన్ల గుట్టు అక్కడే బయటపడుతుంది, నిద్రపోయింది మళ్లీ లేవదు. తర్వాత బ్యాటరీ. లైనక్స్‌లో పవర్ వివరాలు తెరిస్తే కొత్తప్పుడు ఎంత పట్టేదో, ఇప్పుడు ఎంత పడుతోందో రెండూ కనిపిస్తాయి. 50 వాట్ అవర్స్ ఉండాల్సింది 30కి దిగిందంటే 60 శాతమే మిగిలినట్టు. కొత్త బ్యాటరీ ఖర్చు ధరలోంచి తగ్గించమని అడగండి. బయాస్‌కు (మెషీన్ ఆన్ చేయగానే ముందుగా నడిచే సెట్టింగుల ప్రోగ్రామ్‌కు) పాత ఆఫీసు పాస్‌వర్డ్ ఉంటే మాత్రం ఎంత చవకైనా తీసుకోకండి. విండోస్ కూడా ఉంచుకునేట్టయితే లైనక్స్ వేసేముందు బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కు వేసే తాళం) రికవరీ కీని మెషీన్‌లో కాకుండా కాగితం మీద రాసి పెట్టుకోమనండి.

కాలేజీ ల్యాబ్‌తో నెట్టుకు రావడం, చదువు రుణంలో కంప్యూటర్‌కు వీలుంటే అందులో కలపడం లాంటివి ఉన్నాయి. మొదటిది ఇబ్బంది, రెండోది మళ్లీ అప్పే.

నేను చెప్పే ఏర్పాటు ఇది. ల్యాప్‌టాప్‌కు హద్దు ఒక నెల జీతం. మౌస్, బ్యాగు, కావాలంటే ఇంకో ర్యామ్ ముక్క, అన్నీ ఆ హద్దులోపలే. ఆ డబ్బు సెలవుల కోసం దాచినదాంట్లోంచి తీయండి. ఇష్టం లేదన్నారు, తెలుసు. సెలవులకు వచ్చే ఏడాది వెళ్లొచ్చు, జీతం ఆగిన నెలను వాయిదా వేయలేం. అత్యవసర నిధిలోంచి ఒక్క నోటు కూడా కదపొద్దు.

ఈఎంఐకి కట్టగలననుకున్న ఆ పదో వంతు జీతం మీ దగ్గర ఉన్నట్టే కదా? దాన్నే జీతం పడిన రోజున, ఇంకో ఖర్చు మొదలవకముందే, ప్రతినెలా నిధి ఖాతాలోకి పంపండి. 24 నెలల్లో అసలే 2 నెలల జీతానికి పైగా చేరుతుంది. ఇప్పుడున్న 2తో కలిపితే 4 దాటుతుంది. అదే డబ్బు, అదే 24 నెలలు, కానీ ఈసారి వడ్డీ మీరు తీసుకుంటారు. 6 నెలల జీతం చేరేదాకా ఆపొద్దు. నిధి ఖాతాకు కార్డు పెట్టుకోకండి, ఫోన్‌లోని చెల్లింపు యాప్‌తో కలపకండి. కనిపించే డబ్బే ‘ఖాళీగా’ అనిపిస్తుంది.

సంపాదన మీదొక్కరిదే అన్నారు, టర్మ్ పాలసీ గురించి, ఆరోగ్య బీమా గురించి ఒక్క ముక్క రాయలేదు. లేకపోతే ల్యాప్‌టాప్ కన్నా ముందు అవి.

మూడో ఏడాదిలో మీ అమ్మాయికి గ్రాఫిక్స్ కార్డు నిజంగానే అవసరం పడొచ్చు. అప్పుడు మళ్లీ రాయండి. నిధిలో ఎన్ని నెలల జీతం ఉందో ఆ ఉత్తరం మొదటి లైన్‌లోనే చెప్పండి, మోడల్ పేరు తర్వాత చూద్దాం.